పంచాయతీ ట్రాలీకి టైర్ల ఎన్నిక

గ్రామములలో ట్రాక్టరు నేడు దుక్కికి మాత్రమే పరిమితము కాదు. ఇంటింట సేకరించిన చెత్తను ఊరి వెలుపలి షెడ్డునకు చేర్చునది అదియే. వేసవిలో బోర్లు ఎండినపుడు వాడవాడకు మంచినీరు మోయునది అదియే. దారి ప్రక్కల నాటిన మొక్కలను బ్రతికించునదియు అదియే. తెలంగాణమున 2019వ సంవత్సరములో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీటి ట్యాంకరును సమకూర్చుకొన్నవి. ఆంధ్రప్రదేశమునను పెక్కు పంచాయతీలు ఈ పనులకు ట్రాక్టర్లను సొంతముగనో, అద్దెకో నడుపుచున్నవి.

ట్రాక్టరు వెనుక లాగబడు ఈ బండిని కొన్నిచోట్ల ట్రాలీ యనియు, కొన్నిచోట్ల ట్రక్కు అనియు, మరికొన్నిచోట్ల తొట్టి యనియు పిలుతురు. పేరేదైనను దాని బరువును మోయునవి రెండో, నాలుగో టైర్లు. 2019, 2020 సంవత్సరములలో కొన్న బండ్ల తొలి టైర్లు నేటికి అయిదేండ్లు దాటినవి. కావున క్రొత్త టైర్ల కొనుగోలు పంచాయతీ సమావేశములలో చర్చకు రాక తప్పదు.

ఆ చర్చ సాధారణముగా రెండు ప్రశ్నలతో ముగియుచుండును. ధర యెంత? బటను ఎంత లోతున్నది? ఈ రెండును అడుగదగిన ప్రశ్నలే గాని, ఇవి మాత్రమే చాలవు. ట్రాలీ టైరు మంచిచెడ్డలను నిర్ణయించునవి ముఖ్యముగా మూడు: అది మోయవలసిన బరువు, దాని వయస్సు, దానిలోని గాలి. ఈ మూడింటిని విచారింపక కొన్న టైరు ఎంత చౌకయైనను పంచాయతీకి నష్టమే. నడివేసవిలో ట్యాంకరు టైరు పగిలినచో ఆనాడు ఒక వాడకు నీరు అందదు. నిండు బండి దారిలో ఒరిగినచో ప్రాణహానియే సంభవింపవచ్చును. అందుచేత పంచాయతీ సభ్యులు ఈ విషయమును మెకానికునకో, దుకాణదారునకో పూర్తిగా విడిచిపెట్టక తామును కొంత తెలిసికొనుట అవసరము.

ట్రాలీ టైరు ఏల చెడును?

బండి బరువును మోయునది రబ్బరు అని పలువురు తలంతురు. నిజమునకు మోయునది టైరులో బిగించియున్న గాలి. రబ్బరును, దానిలోని దారపు పొరలును ఆ గాలిని పట్టియుంచు సంచివంటివి. గాలితో నిండిన టైరును 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు వాడుకలోనికి తెచ్చినప్పటి నుండి ఈ సూత్రము మారలేదు.

గాలి తగ్గినపుడు టైరు ప్రక్కగోడ ప్రతి చుట్టునకు ఎక్కువగా వంగి తిరిగి లేచును. ఒక ఇనుప తీగెను పలుమారులు అటునిటు వంచినచో అది వేడెక్కి తెగిపోవుటను మనము చూచియున్నాము. టైరు విషయమునను జరుగునది ఇదియే. లోపలి పొరలు వేడెక్కి ఒకదానినుండి ఒకటి విడిపోవును. పైకి బటను క్రొత్తదివలె కనిపించుచుండగనే టైరు లోపల శిథిలమగును. పరిమితికి మించి బరువు వేసినను ఫలితము ఇదియే.

ట్రాలీకి ఇంకొక చిక్కు కలదు. ట్రాక్టరు టైరులో గాలి తగ్గినచో డ్రైవరునకు స్టీరింగు వలన, కుదుపు వలన వెంటనే తెలియును. వెనుకనున్న ట్రాలీ టైరు మెత్తబడినను, ట్రాక్టరు ఇంజను శబ్దములో అతనికి ఏమియు తెలియదు. టైరు పగిలిన తరువాతనే తెలియును.

మూడవది వయస్సు. లారీ టైరు దినమునకు వందల కిలోమీటర్లు తిరిగి బటను అరిగిపోయి ముగియును. పంచాయతీ ట్రాలీ దినమునకు కొలది కిలోమీటర్లే తిరుగును. మిగిలిన కాలమంతయు కార్యాలయము ముందు ఎండలో నిలిచియుండును. ఎండ, గాలిలోని ఓజోను అను వాయువు రబ్బరును క్రమముగా ఎండజేయును. ప్రక్కగోడలపై సన్నని పగుళ్లు ఏర్పడును. కావున ట్రాలీ టైరు అరుగుటకు ముందే ముసలిదగును. బటను లోతును మాత్రమే చూచి టైరు బాగున్నదని నిశ్చయించుట ఇందువలననే పొరపాటు.

పాత టైరు చెప్పు సాక్ష్యము

క్రొత్త టైరు కొనుటకు ముందు పాత టైరు ఏల చెడినదో పరిశీలింపవలెను. కారణము తెలియక క్రొత్తది వేసినచో అదియు అదే దారిని పోవును.

టైరు రెండు అంచులును అరిగి నడుమ బటను మిగిలియున్నచో, గాలి తక్కువగానుండి నడచినదని గ్రహింపవలెను. నడుమ భాగమే అరిగినచో గాలి ఎక్కువైనది. ఒక ప్రక్క మాత్రమే అరిగినచో యాక్సిలు వంగియుండవచ్చును, లేక చక్రము సరియైన వరుసలో లేకపోవచ్చును. చక్రమును పైకెత్తి ఊపినపుడు ఆడినచో బేరింగు చూపించవలెను. ప్రక్కగోడ ఉబ్బి గడ్డ కట్టినట్లున్నచో లోపలి పొర తెగినదని అర్థము. అట్టి టైరుకు మరమ్మతు లేదు. ఆ దినముననే తీసివేయవలెను.

1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహన నియమములలో 94వ నియమము టైర్ల స్థితిని గూర్చినది. ద్విచక్ర, త్రిచక్ర వాహనములు కాక ఇతర మోటారు వాహనముల టైర్లకు బటను లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని దాని నిబంధన. దీనిని తెలిసికొనుటకు కొలబద్ద లేకున్నను, బటను గాళ్ల అడుగున అడ్డముగా చిన్న గట్లవంటి గుర్తులు తయారీలోనే ఉంచబడును. బటను అరిగి ఆ గట్లతో సమమైనచో టైరు కాలము తీరినట్లే.

బరువు లెక్క

టైరు ఎన్నికకు తొలిమెట్టు బండి బరువును తెలిసికొనుట. ఊహ కంటె కాటా మేలు. సమీపమున బియ్యపు మిల్లునకో, క్వారీకో, మార్కెట్టు యార్డునకో చెందిన కాటా సామాన్యముగా లభించును. మొదట బండిని ఎప్పటివలె నింపవలెను. ట్రాక్టరునకు తగిలించియుండగనే, ట్రాలీ చక్రములు మాత్రమే కాటాపై నిలుచునట్లు ఆపి తూకము వేయించవలెను. అపుడు వచ్చు అంకెయే టైర్లపై పడు బరువు. రెండు చక్రముల బండిలో మిగిలిన బరువు కొక్కెము ద్వారా ట్రాక్టరుపై పడును.

నీటి లెక్క సులభము. వేయి లీటర్ల నీరు వేయి కిలోలు, అనగా ఒక టన్ను. ఉదాహరణకు 4,000 లీటర్ల ట్యాంకరు వట్టి బరువు 1,200 కిలోలు అనుకొందము. నింపినపుడు మొత్తము 5,200 కిలోలు. చక్రములను మాత్రమే తూచినపుడు 4,400 కిలోలు వచ్చినవనుకొందము. చక్రములు రెండైనచో ఒక్కొక్క టైరుపై 2,200 కిలోలు. కాని గ్రామ మార్గములు సమతలముగా నుండవు. ఒక చక్రము గోతిలో దిగినపుడును, బండి ఒక ప్రక్కకు వాలినపుడును ఆ ప్రక్క టైరుపై బరువు పెరుగును. కావున కనీసము పదవ వంతు అదనముగా లెక్కించుట యుక్తము. అనగా ఆ బండికి ఒక్కొక్కటి 2,420 కిలోలకు తక్కువగాక మోయగల టైర్లు అవసరము.

చెత్త బండి విషయమున మోసపోవుట సులభము. పొడి చెత్త చూచుటకు కొండంత, తూకమునకు తేలిక. వర్షములో తడిసిన చెత్త, మురుగు కాలువ పూడిక చూచుటకు కొంచెము, తూకమునకు అధికము. ఇసుక మరియు బరువు. ఇసుక వ్యాపారమున ఒక యూనిట్టనగా నూరు ఘనపుటడుగులు. అది సుమారు నాలుగున్నర టన్నులు తూగును. చెత్త కొరకు కొన్న ట్రాలీలో సి.సి. రోడ్డు పనికి ఇసుక తోలించినచో టైర్లు ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. బండి ఎన్ని పనులకు వాడబడునో వానిలో అత్యంత బరువైన పనిని బట్టియే టైరును నిర్ణయింపవలెను.

టైరు ప్రక్కన ఏమి వ్రాసియుండును?

టైరు ప్రక్కగోడయే దాని జాతకము. చదువ నేర్చినచో దుకాణదారుని మాటపై ఆధారపడనక్కరలేదు.

మొదటిది సైజు. 7.50-16 అని యున్నచో టైరు వెడల్పు సుమారు ఏడున్నర అంగుళములనియు, పదునారు అంగుళముల రిమ్మునకు సరిపడుననియు అర్థము. ట్రాలీలపై ఈ సైజు, 9.00-16 సైజు సాధారణముగా కానవచ్చును. అంకెల నడుమ అడ్డుగీత యున్నచో అది దారపు పొరలు ఏటవాలుగా ఒకదానిపై ఒకటి పేర్చిన పాత పద్ధతి టైరు. గీతకు బదులు ‘ఆర్’ అను అక్షరమున్నచో రేడియల్ టైరు.

రెండవది పి.ఆర్. అను అక్షరముల ప్రక్కనుండు 10, 12, 14, 16 వంటి అంకె. దీనిని ప్లై రేటింగు అందురు. ఇది టైరు బలమును తెలుపు కొలత. 16 అని యున్నంత మాత్రమున లోపల పదునారు పొరలు ఉన్నవని కాదు. ఒకే సైజు టైర్లలో ఈ అంకె పెరిగినకొలది టైరు ఎక్కువ గాలిని పట్టి, ఎక్కువ బరువును మోయును. కావున సైజు ఒక్కటే అయినంత మాత్రమున రెండు టైర్లు సమానము కావు. తక్కువ ధర కొటేషనులో దాగియుండు తిరకాసు పలుమారు ఇచ్చటనే యుండును.

మూడవది భార సంఖ్య. సైజు దరిదాపున ఒక సంఖ్యయు, దాని వెంట ఒక అక్షరమును ఉండును. ఆ సంఖ్య కిలోలు కాదు. ఒక పట్టికలోని గుర్తు. 120 అనిన 1,400 కిలోలు. 125 అనిన 1,650. 130 అనిన 1,900. 135 అనిన 2,180. 140 అనిన 2,500. 145 అనిన 2,900. 150 అనిన 3,350 కిలోలు. ఇది ఒక టైరు మోయగల బరువు. 144/142 అని రెండు సంఖ్యలున్నచో, మొదటిది చక్రమునకు ఒక టైరు వేసినపుడు, రెండవది జంట టైర్లు వేసినపుడు ఒక్కొక్క టైరునకు వర్తించును. పైన చెప్పిన ట్యాంకరునకు 140 భార సంఖ్య కల టైరు తగును. అదే ట్యాంకరునకు 130 సంఖ్య కల టైర్లు రెండు వేసినచో అవి మోయగలది 3,800 కిలోలు మాత్రమే. మోయవలసినది 4,400. ప్రతి ప్రయాణములోను 600 కిలోల అధిక భారముతో ఆ టైర్లు నడచుచుండును.

సంఖ్య వెంటనుండు అక్షరము వేగమును తెలుపును. ఎ8 అనిన గంటకు 40 కిలోమీటర్లు, బి అనిన 50, డి అనిన 65, ఎఫ్ అనిన 80, జె అనిన 100 కిలోమీటర్లు. టైరు ఆ భారముతో ఆ వేగమును మించి పరుగెత్తరాదు.

నాలుగవది పుట్టిన తేదీ. ప్రక్కగోడపై నాలుగంకెల ముద్ర యుండును. మొదటి రెండంకెలు వారము, తరువాతి రెండు సంవత్సరము. 3524 అని యున్నచో ఆ టైరు 2024వ సంవత్సరము 35వ వారమున తయారైనది. ఇది కొన్నిచోట్ల టైరునకు ఒక ప్రక్కనే ఉండును. కావున బిగించుటకు ముందే రెండు ప్రక్కలను చూడవలెను. దుకాణమున మూడు నాలుగు సంవత్సరములు నిలిచిన టైరు చూచుటకు నిగనిగలాడుచున్నను, దాని ఆయువులో ఆ మేరకు తగ్గినట్లే.

అయిదవది ఐ.యస్.ఐ. గుర్తు. 2009లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు మోటారు వాహనముల టైర్లకు, ట్యూబులకు ఈ గుర్తును తప్పనిసరి చేసినది. లారీ తరహా టైర్లపై ఐ.యస్. 15636 అను ప్రమాణ సంఖ్యయు, ట్యూబులపై ఐ.యస్. 13098 అను సంఖ్యయు ఉండును.

ఏ రకము టైరు తగును?

ఇపుడున్న రిమ్మునకు సరిపడు సైజునే తీసికొనవలెను. పెద్ద టైరు వేసినచో బరువు ఎక్కువ మోయునని సైజు మార్చుట తగదు. టైరు బలపడినంత మాత్రమున యాక్సిలు, బేరింగు, రిమ్ము బలపడవు. సైజు మార్పక, ఎక్కువ ప్లై రేటింగు కల టైరును ఎన్నుకొనుట మేలు. అపుడైనను రిమ్ము ఆ గాలి ఒత్తిడికి తగినదో కాదో విచారింపవలెను.

ఒకే యాక్సిలుపై ఒక ప్రక్క రేడియల్, మరియొక ప్రక్క పాత పద్ధతి టైరు వేయరాదు. ఒక ప్రక్క క్రొత్తది, మరియొక ప్రక్క సగము అరిగినది వేయుటయు మంచిది కాదు. ఒక యాక్సిలు టైర్లను జంటగా మార్చి, పాత వానిలో బాగున్నదానిని స్టెప్నీగా నుంచుకొనవలెను.

ట్రాలీకి ఇంజను శక్తి లేదు, అది లాగబడునది. కావున ట్రాక్టరు వెనుక చక్రములవలె పెద్ద పెద్ద గుబ్బల బటను దానికి అవసరము లేదు. పొడవు గాళ్ల బటను కల టైరు తేలికగా దొరలును, సమముగా అరుగును.

టైరు బండ్లకు, అనగా ఎద్దులు లాగు బండ్లకు ప్రత్యేకముగా తయారగు టైర్లు కలవు. వానిపై ఎ.డి.వి. అను అక్షరములుండును. అవి ఎద్దు నడకకు ఉద్దేశింపబడినవి. ధర తక్కువని వానిని ట్రాక్టరు ట్రాలీకి వేయుట ప్రమాదకరము.

రీబటను టైర్ల విషయమున అభిప్రాయ భేదములున్నవి. మంచి పొరలు కల టైరుకు బాధ్యతగల కర్మాగారమున వేసిన రీబటను చెత్త బండివంటి తేలిక పనికి ఉపయోగపడును. కాని అయిదారేండ్లు ఎండలో నిలిచి ప్రక్కగోడలు పగిలిన ట్రాలీ టైరుకు రీబటను వేయించుట, చెదలు తిన్న దూలమునకు రంగు వేయించుటవంటిది. పైభాగము క్రొత్తదగును గాని, మోయు పొరలు పాతవే. ఇక ఎవరో తీసివేసిన లారీ టైర్లను అగ్గువకు తెచ్చి నీటి ట్యాంకరునకు వేయుట ఎంతమాత్రము తగదు. ఆ టైరు ఎంత బరువును, ఎంత వేడిని చూచినదో ఎవరికిని తెలియదు.

కొటేషను, తీర్మానము

“టైర్లు కొనుటకు తీర్మానింపబడినది” అని వ్రాసిన తీర్మానము దుకాణదారునకు ఉపకరించును గాని పంచాయతీకి ఉపకరింపదు. సైజు, భార సంఖ్య తెలుపక మూడు కొటేషనులు తెప్పించినచో, మూడును మూడు వేర్వేరు వస్తువుల ధరలగును. వానిలో తక్కువ ధర బలహీనమైన టైరుదే యగుట సహజము. అందుచేత ముందు వస్తువును నిర్ణయించి, పిదప ధరలను పోల్చవలెను.

పైన ఉదాహరించిన ట్యాంకరునకు తీర్మానమును ఈ విధముగా వ్రాసికొనవచ్చును: “పంచాయతీ నీటి ట్యాంకరునకు ఇపుడున్న రిమ్ములకు సరిపడు సైజు టైర్లు రెండు, ఒక్కొక్కటి 140కి తక్కువగాని భార సంఖ్య కలవియు, ఐ.యస్.ఐ. గుర్తు కలవియు, సరఫరా నాటికి తయారై ఆరు నెలలు మించనివియు, తగిన ట్యూబులు, ఫ్లాపులతో సహా కొనుటకును, తయారీదారుని వారంటీ పత్రమును, ప్రతి టైరు క్రమ సంఖ్యను బిల్లుపై పొందుటకును తీర్మానించడమైనది.” ఇట్లు వ్రాసినపుడు కొటేషనులు మూడును ఒకే కొలమానముపై నిలుచును. తరువాత ఆడిటులో ప్రశ్న వచ్చినను సమాధానము సిద్ధముగా నుండును.

ధరను ఆయువుతో భాగించి చూచుట మరియొక మంచి అలవాటు. ఒక టైరు 12,000 రూపాయలకు వచ్చి రెండేండ్లు నిలిచినదనుకొందము; మరియొకటి 16,000 రూపాయలకు వచ్చి నాలుగేండ్లు నిలిచినదనుకొందము. మొదటిది ఏడాదికి 6,000, రెండవది 4,000 రూపాయలు. నడుమ పని నిలిచిన దినములు, అద్దె ట్యాంకరు ఖర్చు ఈ లెక్కలో చేరలేదు.

సరుకు వచ్చినపుడు సభ్యులలో ఒకరైనను కార్యదర్శితో కూడ నిలిచి సైజు, భార సంఖ్య, తయారీ వారము, క్రమ సంఖ్య సరిచూచి స్టాకు రిజిస్టరులో వ్రాయించవలెను. ఇది పది నిమిషముల పని.

బిగించునపుడు జాగ్రత్తలు

క్రొత్త టైరుకు పాత ట్యూబు, పాత ఫ్లాపు వేయుట పొదుపు కాదు. సాగిన ట్యూబు లోపల మడత పడి తెగును. రిమ్ముకు పట్టిన త్రుప్పును గీకి రంగు వేయించవలెను. పగిలిన, వంగిన రిమ్మును వెల్డింగు చేయించి వాడరాదు.

కొన్ని రిమ్ములకు టైరును పట్టియుంచు ఇనుప లాకు రింగు ఉండును. ఇది సరిగా కూర్చుండని యెడల, గాలి పట్టునపుడు తుపాకి గుండువలె ఎగిరి మనిషిని చంపగలదు. అందుచేత చక్రమును విప్పుటకు ముందు గాలి పూర్తిగా తీసివేయించవలెను. గాలి పట్టునపుడు చక్రమును ఇనుప పంజరములో నుంచవలెను. పట్టువాడును, చూచువారును చక్రమునకు ఎదురుగ నిలువక ప్రక్కకు నిలువవలెను. ఇట్టి వసతి కల దుకాణముననే పని చేయించుట శ్రేయస్కరము. క్రొత్తగా బిగించిన చక్రపు నట్లను మొదటి ఏబది కిలోమీటర్లు తిరిగిన పిమ్మట మరల బిగించవలెను.

పిమ్మటి పోషణ

మంచి టైరును కొనుట సగము పని. మిగిలిన సగము గాలి. గాలి ఒత్తిడిని చదరపు అంగుళమునకు ఇన్ని పౌండ్లని కొలుతురు. వాడుకలో వీనినే పాయింట్లందురు. ఎన్ని పాయింట్లు ఉండవలెనో టైరు ప్రక్కనో, తయారీదారుని పట్టికలోనో ఉండును. అన్ని టైర్లకు ఒకే అంకె చెప్పు గాలి దుకాణము మాటను నమ్మరాదు. భార సంఖ్య తెలుపు బరువును టైరు మోయునది, నిర్ణీతమైన గాలి ఉన్నపుడు మాత్రమే.

గాలిని ఉదయము బండి కదలక ముందు, టైరు చల్లగా నున్నపుడు కొలువవలెను. ఎండలో తిరిగి వచ్చిన టైరులో ఒత్తిడి పెరిగి కనిపించును. అది చూచి గాలి తీసివేసినచో మరునాటి ఉదయమునకు తక్కువగును. కొన్ని వందల రూపాయలకు లభించు గాలి గేజి ఒకటి పంచాయతీ సొంతమున ఉండుట అవసరము. కాలితో తన్నియో, సుత్తితో కొట్టియో గాలిని గ్రహించు పద్ధతి ట్రాలీ టైర్ల విషయమున నమ్మదగినది కాదు. వారమున కొకసారి గేజితో చూచి, అంకెను లాగ్ బుక్కులో వ్రాయుట డ్రైవరు విధులలో చేర్చవలెను. ఒకే టైరు మాటిమాటికి గాలి కోల్పోవుచున్నచో ఆ పుస్తకమే ముందుగ చెప్పును.

పని లేని వేళ బండిని నీడన నిలుపవలెను. నీడ లేనిచోట టైర్లపై గోనె కప్పినను చాలును. ట్యాంకరును రాత్రులందు నింపియుంచి నిలుపుట మంచిది కాదు. డీజిలు, ఆయిలు టైరుపై పడనీయరాదు. టైరు వాడుకకు వచ్చి అయిదు సంవత్సరములైన పిమ్మట ఏటేట నిపుణునిచే పరీక్ష చేయించవలెననియు, బటను మిగిలియున్నను తయారైన పది సంవత్సరములకు తీసివేయవలెననియు తయారీదారులలో పలువురు సూచించుచున్నారు. పదియేండ్లనునది కడపటి హద్దు. మన ఎండలలో, మన బాటలలో అంతవరకు వేచియుండనక్కరలేదు.

ట్రాలీ మనుష్యుల ప్రయాణమునకు ఏర్పడినది కాదు. పెండ్లికో, జాతరకో, కూలికో దానిపై జనమును ఎక్కించుట టైరు ఎంత మంచిదైనను తగదు. పారిశుద్ధ్య కార్మికులు చెత్త గుట్టపై కూర్చుండి ప్రయాణము చేయు అలవాటును కూడ పంచాయతీ మాన్పించవలెను. వెనుకటి టైరు పగిలి బండి ఒరిగినపుడు మొదట క్రిందపడువారు వారే.

తీసివేసిన టైర్లు

తీసివేసిన టైరు పంచాయతీ ఆస్తియే. దానిని రిజిస్టరులో చూపి, నిబంధనల ప్రకారము అమ్మవలెను. తయారీదారులు వ్యర్థ టైర్ల పునర్వినియోగమునకు బాధ్యత వహింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2022లో నియమములు చేసినది. కావున అనుమతి పొందిన కొనుగోలుదారునకు అప్పగించుట యుక్తము. భోగి మంటలోనో, చెత్త కుప్పలోనో టైరును కాల్చుట విషపు పొగను ఊరిపై వదలుటయే. మిద్దెపైనో, పెరటిలోనో పడవేసిన టైరులో వాననీరు నిలిచి డెంగీ దోమ పెరుగును. ఊరి ఆరోగ్యము కొరకు తిరిగిన బండి టైరు ఊరికి వ్యాధి తెచ్చునది కారాదు.

రాబోవు సమావేశమునకు ముందు సభ్యులు చేయదగిన పని ఒకటి కలదు. పంచాయతీ ఆవరణలో నిలిచియున్న ట్రాలీ వద్దకు పోయి, ప్రతి టైరుపైనున్న భార సంఖ్యను, తయారీ వారమును ఒక కాగితముపై వ్రాసికొనవలెను. నిండు బండిని ఒకసారి కాటాకు పంపవలెను. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, టైర్లు ఎప్పుడు మార్చవలెనో, ఎట్టివి కొనవలెనో సందేహమునకు తావుండదు. వేసవి రాకముందే ఈ పని ముగించుట మంచిది. ఏలయన నీటి కొరకు బిందెలతో జనము నిలిచియున్న దినమున టైర్ల కొటేషనులు పిలుచుటకు వ్యవధి యుండదు.